మాటల యంత్రశిల్పి పింగళి

నేటి బాలురకు మిక్కిలి ప్రియమైన ఆటవస్తువు రూపము మార్చుకొను బొమ్మ. చూచుచుండగనే బండి మనిషి యగును, మనిషి విమానమగును. కన్నులలో దీపములు వెలుగును, నోట మాటలు పలుకును. ఇట్టి వస్తువును ఊహించువానికి రెండు శక్తులు కావలెను. యంత్రపు కీలెరిగిన బుద్ధి యొకటి, పసివాని చిలిపితనము రెండవది. ఈ రెండును కూడిన రచయిత మన భాషలో పింగళి నాగేంద్రరావుగారు. వారు చేసిన బొమ్మలు కొయ్యవి కావు, ఇనుమువి కావు, మాటలతో చేసినవి.

నాగేంద్రరావుగారు 1901 డిసెంబరు 29వ తేదీన బొబ్బిలి సమీపమందలి రాజాంలో జన్మించిరి. పెరిగినది బందరులో. అచటి ఆంధ్ర జాతీయ కళాశాలలో వారు అభ్యసించినది సాహిత్యము కాదు, మెకానికల్ ఇంజనీరింగు. పిదప ఖరగపూరు రైల్వేలో కొంతకాలము పనిచేసిరి. కాని మనస్సు నాటకముపై నిలిచెను. ఉద్యోగము విడిచి, బందరులో కౌతా శ్రీరామశాస్త్రిగారి శారద పత్రికలో చేరిరి. ద్విజేంద్రలాల్ రాయ్ వంగనాటకములను తెనిగించిరి. జేబున్నీసా, వింధ్యరాణి, నా రాజు మున్నగు నాటకములు వ్రాసిరి. జీవితాంతము బ్రహ్మచారిగనే యుండిరి.

చలనచిత్రరంగమున వారికి విజయము తొందరగా రాలేదు. 1941లో భలేపెళ్ళి చిత్రముతో ప్రవేశించినను, స్థిరమైన స్థానము లభించినది 1949లో కె.వి. రెడ్డిగారి గుణసుందరి కథతోనే. అప్పటికి వయస్సు యేబదికి చేరువ. 1951లో పాతాళభైరవి వారి పేరును ఇంటింటికి చేర్చెను. 1954 నాటి చంద్రహారము మాత్రము నిర్మాతలకు నష్టము తెచ్చెను. అయినను విజయా సంస్థ అద్భుతకథలపై ఆశ వదలుకొనలేదు. 1957 మార్చిలో మాయాబజార్ విడుదలయ్యెను.

ఆ చిత్రమందలి వస్తువులను నేటి విద్యార్థి ఒకసారి పరిశీలింపవలెను. ప్రియదర్శిని యను పెట్టె మూత తెరచిన, చూచువారికి ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, రేవతికి నగలు కనబడుట నవ్వు పుట్టించును. మరి కృష్ణునకు కనబడినది శకుని! పెట్టె చూపునది బొమ్మను మాత్రమే కాదు, చూచువాని అంతరంగమును. మన దేశమున టెలివిజన్ ప్రసారము ప్రారంభమైనది 1959లో నని గుర్తుంచుకొనిన, ఈ ఊహ విలువ తెలియును. సత్యపీఠమును ఎక్కినవాడు నిజము పలుకకుండ నుండలేడు. వీనిని కన్నులకు కట్టించినది మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణము, గోఖలే, కళాధర్‌ల కళాదర్శకత్వము. అది సమష్టికృషి.

కేవలము పింగళివారి సొత్తు వేరొకటి కలదు. మనము పాలు గీలు, పుస్తకము గిస్తకము అనుచుందుము. మొదటి యక్షరమును గికారముగనో గీకారముగనో మార్చుట తెలుగు ప్రతిధ్వని పదములకు నియమము. గీలునకు గాని గిస్తకమునకు గాని వేరుగ అర్థము లేదు. పింగళివారు ఆ అర్థము లేని సగమునకే ఒక వస్తువును కల్పించిరి. తల్పము విశ్రాంతి నిచ్చును. శయనింపబోయినవానిని పడద్రోయునది గిల్పము. కంబళి సుఖము నిచ్చును. అడుగిడినవానిని తిప్పలు పెట్టునది గింబళి. వియ్యాలవారిని ఆటపట్టించుటకు ఘటోత్కచుని పరివారము చేసిన సాధనములివి. వ్యాకరణసూత్రము నుండి ఒక ఆటబొమ్మ పుట్టినది! యంత్రవిద్య నేర్చినవాడు చక్రమును చూచి దానిని దేనికి బిగింపవచ్చునని ఆలోచించును. పింగళివారు ప్రత్యయమును, ప్రతిధ్వనిని అట్లే చూచిరి.

అస్మదీయులకు ఎదురుగ తస్మదీయులను నిలిపినదియు వారే. సంస్కృతమున అస్మదీయమునకు ఎదురుగా నుండునది యుష్మదీయము. కనుక పండితుడు ఆక్షేపింపవచ్చును. కాని ఆ మాట రాజకీయ వ్యాసములలో నేటికిని నడయాడుచున్నది. ప్రజలు స్వీకరించిన మాటను నిఘంటువు కాదనజాలదు.

జగదేకవీరుని కథ, గుండమ్మ కథ పాటలు మొదలగు వానితో వారి కీర్తి పెరిగెను. 1971 మే 6వ తేదీన వారు కన్నుమూసిరి. వారి ముఖ్యకృషి అంతయు మద్రాసు స్టూడియోలలో జరిగినది. హైదరాబాదులో అన్నపూర్ణ స్టూడియో వెలసినది 1976లో. 2010లో మాయాబజార్‌కు రంగులద్దినది మాత్రము హైదరాబాదు సంస్థయే. నేడు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ అద్దెగదులలో కథలు వ్రాయుచున్న యువకులకు వారి జీవితము ధైర్యము నీయవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి. క్రొత్త వస్తువు వచ్చినప్పుడెల్ల పరభాషాపదమునే తెచ్చుకొనుట మనకు అలవాటైనది. తెలుగునకు ఆ శక్తి లేదని పిల్లలు నమ్ముచున్నారు. రూపము మార్చు బొమ్మ నొకదానిని తరగతికి తెచ్చి, దీనికి పేరు పెట్టుడని అడుగుడు. వచ్చిన పేర్లలో కొన్ని నవ్వు పుట్టింపవచ్చును. గిల్పమును విన్ననాడును జనులు ముందు నవ్విరి. పిదప ఆ మాటను మరువలేదు.