పక్షుల లెక్క రాసిన సలీం అలీ గారు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు సలీం అలీ గారు గుర్తుకు వచ్చారు. సర్వీసంతా రిజిస్టర్లు రాసి రిటైరైన గుమాస్తాను నేను. ఓపికగా లెక్క రాసి పెడితే ఎంత మేలు జరుగుతుందో ఆయన జీవితం చెబుతుంది.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు గతించగా మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ గారు పెంచారు. గాలి తుపాకీతో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అదేమి పిట్టో తెలుసుకోవడానికి ఆ బాలుడు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లాడు. ఆ పరిచయం జీవితాంతం నిలిచింది.

డిగ్రీ లేనందున జువలాజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. సెలవు పెట్టి బెర్లిన్‌లో స్ట్రెస్మాన్ గారి వద్ద శిక్షణ పొంది, 1930లో తిరిగి వచ్చేసరికి నిధులు లేవని ఆ పోస్టే రద్దయింది. పోస్టు రద్దంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన మాత్రం దిగులుపడి కూర్చోలేదు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం లేకుండా పక్షుల సర్వే చేస్తానని సంస్థానాలకు తెలియజేశారు. ఆ విధంగా 1931-32లో మన నిజాం సంస్థానంలో సర్వే చేశారు. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్, గ్వాలియరు, ఇండోరు, భోపాల్ సంస్థానాలు తిరిగారు. శిబిరాలలో భార్య తెహమీనా గారే తోడు. 1939లో ఆమె మరణించారు. భారతదేశపు పక్షులపై ఆయన రాసిన ప్రసిద్ధ గ్రంథం 1941లో వెలువడింది.

ఆయన కృషి బాగా అక్కరకు వచ్చిన చోటు భరత్‌పూర్. రాజస్థాన్‌లోని ఈ కేవలాదేవ్ చిత్తడి నేల, సుమారు 29 చదరపు కిలోమీటర్లు, మహారాజు గారి సొంత వేట స్థలం. రాజుగారి కాపలా వల్లనే అది నిలిచింది. రాజుగారి అతిథుల వల్లనే పక్షులు చచ్చాయి కూడా. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన వేటలో ఒక్కరోజే 4,273 పక్షులు కూలాయి. ఆ లెక్క అక్కడ రాతిపై చెక్కి ఉంది. సరిగ్గా ఆనాడే సలీం అలీ గారికి 42 ఏళ్లు నిండాయి!

స్వాతంత్ర్యం వచ్చాక ఆ నీరు తీసేసి పొలాలు చేయాలన్న ఒత్తిడి వచ్చింది. ఆయన నెహ్రూ గారికి నచ్చజెప్పి ఆపించారు. 1956లో అది పక్షి సంరక్షణ కేంద్రమైంది. అయినా రాజుగారి వేట హక్కు 1972 వరకు సాగింది. సొసైటీ వారు అక్కడి బాతుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వదిలితే, వాటిలో కొన్ని సోవియట్ దేశంలో దొరికాయి. 1981లో జాతీయ పార్కు, 1985లో ప్రపంచ వారసత్వ స్థలం అయింది.

ఒక సంగతి దాచకూడదు. అక్కడ పశువులను మేపరాదన్నది ఆయన సలహాయే. 1982లో నిషేధం వచ్చింది. ఘర్షణలో పోలీసు కాల్పులు జరిగి గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. సలీం అలీ గారు 1987లో కన్నుమూశారు. సొసైటీ వారి పదేళ్ల పరిశీలన ఆ తరువాతనే ముగిసింది. గేదెలు మేయకపోవడంతో గడ్డి ముసిరి నీరు మూసుకుపోయిందని, పక్షులకు చోటు తగ్గిందని అందులో తేలింది. పెద్దాయన మాటకు విరుద్ధమైనా ఆయన సంస్థ వారే ఆ ఫలితాన్ని ప్రకటించారు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. ఆయన నేర్పిన పద్ధతి ఆయనకే మినహాయింపు ఇవ్వలేదు.

నవంబరు 12ను జాతీయ పక్షి వీక్షణ దినంగా జరుపుకుంటున్నారు. మనకు తీరిక ఉంది, ఉదయపు నడక ఉంది. మనవలను వెంటబెట్టుకుని, కనిపించిన పిట్టలను తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాయించమని సోదర పింఛనుదారులకు నా విన్నపం.