నోటు మీద గుర్రం దొంగ

పోయిన మే నెలలో సిడ్నీ నుంచి మా పెద్దమ్మ కొడుకు విస్సన్నపేట వచ్చాడు. తోటలో రసాల కోత నడుస్తోంది. అన్నయ్య మంచం మీద కూర్చుని పర్సులోంచి ఇరవై డాలర్ల నోటు తీసిచ్చాడు. దాని మీద కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ. ఎవరో టీచరమ్మ అనుకున్నా. కాదట, గుర్రం దొంగట! ద్వీపాంతరం పంపిన మనిషిని నోటు మీద వేస్తారా అని అమ్మమ్మ ఒకటే నవ్వు.

ఆవిడ పేరు మేరీ రైబీ. 1777లో ఇంగ్లండ్‌లోని బరీ అనే ఊళ్ళో పుట్టింది. చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు. పనికి పెట్టిన ఇంటి నుంచి పారిపోయింది. మగపిల్లాడి బట్టలేసుకుని, జేమ్స్ బరో అని పేరు మార్చుకుంది. గుర్రం దొంగతనం కేసులో దొరికాక, విచారణలో గానీ ఆడపిల్లని బయటపడలేదు. అప్పటికి పదమూడో పధ్నాలుగో ఏళ్ళు, అంటే మన ఎనిమిదో తరగతి. శిక్ష ఏడేళ్ళు. మనవాళ్ళని తర్వాతి రోజుల్లో అండమాన్ పంపినట్టే, అప్పట్లో వాళ్ళ ఖైదీల్ని ఆస్ట్రేలియా ఓడ ఎక్కించేవాళ్ళు. 1792 అక్టోబర్‌లో సిడ్నీలో దిగింది. మేజర్ గ్రోస్ ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనిలో పెట్టారు.

1794లో థామస్ రైబీని పెళ్ళి చేసుకుంది. అతను ఈస్టిండియా కంపెనీలో పనిచేసి వచ్చినవాడు. సిడ్నీలో వాళ్ళ ఇంటికి పెట్టిన పేరు ఎంటల్లీ, అది మన కలకత్తాలో ఒక పేట! 1811లో థామస్ పోయాడు. తర్వాతి నెలలో వ్యాపారంలో భాగస్వామి కూడా పోయాడు. చేతిలో ఏడుగురు పిల్లలు. ఓడలు, గిడ్డంగులు అన్నీ తనే నడిపింది. 1817లో బ్యాంక్ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ మొదలైంది కూడా ఆమె ఇంట్లోనే. అదే ఏడాది ఒక బాకీదారుడి మీద చెయ్యి చేసుకుందని కోర్టు తప్పు పట్టింది. మనిషి మెత్తన కాదు మరి.

నాకు బాగా పట్టుకున్నది మాత్రం జనాభా లెక్కల సంగతి. 1820లో కూతుళ్ళని తీసుకుని ఇంగ్లండ్ వెళ్ళి, మరుసటి ఏడాది తిరిగొచ్చింది. 1828 లెక్కల్లో ఈ దేశానికి ఎలా వచ్చావంటే, 1821లో స్వేచ్ఛగా వచ్చాను అని రాయించింది. టెక్నికల్‌గా కరెక్టే! మొదటి ప్రయాణం కాలమ్‌లో లేదంతే. అక్కడ ఎంత డబ్బున్నా ఖైదీ అన్న మచ్చ పిల్లల దాకా పోయేది.

అది చదివి నవ్వలేకపోయా. ఫస్టియర్ హాస్టల్లో మీదే ఊరంటే నేను విజయవాడ అనేవాణ్ణి. మా జిల్లా కేంద్రం అదే కదా, అబద్ధమేం కాదు. ఆవిడ మచ్చ దాచింది, నేను మామిడితోట దాచాను.

1855లో చనిపోయింది. 1994 నుంచి నోటు మీద ఉంది. అన్నయ్య ఇచ్చినది నా జావా రికార్డులో పెట్టుకున్నా, ఇంకా మార్చలేదు.