ఉప్పునీళ్లతో వెండి లెక్క తేల్చిన గేలూసాక్

ఇంటర్‌లో సైన్స్ గ్రూపు తీసుకున్న పిల్లలున్న ఇళ్లలో బ్యూరెట్, పిపెట్ అనే మాటలు కొత్త కాదు. బ్యూరెట్‌లోంచి చుక్క చుక్కగా ద్రావణం వదలాలి. కింద ఫ్లాస్కులో రంగు మారగానే ఆపేయాలి. ఎన్ని మిల్లీలీటర్లు ఖర్చయ్యాయో చూస్తే, తెలియని ద్రావణం బలం ఎంతో లెక్క వచ్చేస్తుంది. దీన్నే టైట్రేషన్ అంటారు. ఆ గాజు గొట్టాలకు ఈ పేర్లు వాడుకలోకి తెచ్చింది ఫ్రాన్స్ శాస్త్రవేత్త జోసెఫ్ లూయీ గేలూసాక్.

ఆయన 1778 డిసెంబర్ 6న ఫ్రాన్స్‌లో లిమోజ్ దగ్గరి ఒక చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి వకీలు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో తండ్రిని జైల్లో వేయడంతో ఇల్లు కష్టాల్లో పడింది. అయినా చదువు ఆగలేదు. పారిస్ వెళ్లి పేరున్న ఎకోల్ పాలిటెక్నిక్‌లో చేరారు.

అక్కడ ఆయన్ని చేరదీసినవారు పెద్ద రసాయన శాస్త్రవేత్త బెర్తొలే. ఒక ప్రయోగం అప్పగించి, ఫలితం ఇలా వస్తుందని ముందే అనుకున్నారు. వచ్చింది మాత్రం వేరు. గేలూసాక్ గురువు కోసం అంకెలు మార్చలేదు, వచ్చింది వచ్చినట్టే చూపించారు. బెర్తొలే కోపం తెచ్చుకోలేదు సరికదా, అలాంటి కుర్రాడే కావాలని తన దగ్గర పెట్టుకున్నారు.

1804లో గేలూసాక్ ఒంటరిగా బెలూన్‌లో 7,000 మీటర్ల ఎత్తుకు వెళ్లి, అక్కడి గాలిని సీసాలో పట్టి తెచ్చారు. పరీక్షిస్తే అందులోనూ ఆక్సిజన్ పాలు పారిస్ గాలిలో ఉన్నంతే ఉంది. 1808లో పొటాషియంతో పని చేస్తుండగా పేలుడు జరిగి కళ్లు దెబ్బతిన్నాయి. చూపు మళ్లీ మునుపటిలా రాలేదు. అయినా కొలతల పని వదల్లేదు.

అప్పట్లో బట్టల మిల్లులకు ఒక చిక్కు ఉండేది. బ్లీచింగ్ పౌడర్ ఘాటు ఎక్కువైతే బట్ట పాడవుతుంది, తక్కువైతే తెల్లబడదు, కొన్నవాడి డబ్బు దండగ. దాన్ని నీలిమందు ద్రావణంతో కొలిచే పద్ధతి రువాన్‌కు చెందిన దెక్రువాజీ అంతకుముందే మొదలుపెట్టారు. 1824లో గేలూసాక్ దాన్ని కచ్చితంగా చేసి చూపారు. ఎంత నీలి రంగు పోయిందో చూస్తే సరుకు బలం తెలిసిపోతుంది.

అసలు పరీక్ష 1829లో వచ్చింది. పారిస్ టంకశాలలో ఆయనకు లోహాలు పరీక్షించే పెద్ద ఉద్యోగం దొరికింది. చట్టం ప్రకారం ఫ్రాన్స్ వెండి నాణెంలో 1000కి 900 పాళ్లు వెండి ఉండాలి. వందల ఏళ్లుగా పరీక్ష కొలిమిలోనే జరిగేది. వెండికి సీసం కలిపి, ఎముకల బూడిద మూసలో కరిగించేవారు. సీసం, రాగి మూసలోకి ఇంకిపోయి వెండి మిగిలేది. కానీ వాటితోపాటు కాస్త వెండి కూడా పోయేది. కాబట్టి పరీక్షలో వెండి తక్కువగా కనిపించేది. ఆ లెక్క నమ్మి నాణేలు కొట్టడంతో, చట్టం చెప్పినదానికన్నా ఎక్కువ వెండి వాటిలోకి వెళ్లిపోయేది. అంటే నష్టం ఖజానాకే.

గేలూసాక్ కొలిమిని పక్కనపెట్టి ఉప్పునీళ్లు తీసుకున్నారు. వెండిని నైట్రిక్ ఆసిడ్‌లో కరిగించి, బలం ముందే తెలిసిన ఉప్పునీళ్లు పోస్తే, పాలు విరిగినట్టు తెల్లటి మడ్డి దిగుతుంది. సీసా గట్టిగా ఊపి, పైనీళ్లు తేటపడ్డాక ఇంకొంచెం పోయాలి. మసక రావడం ఆగిపోతే వెండి అయిపోయినట్టే. 100 మిల్లీలీటర్లకు సరిగ్గా 1 గ్రాము వెండి దిగేలా ఆ ఉప్పునీళ్లు తయారు చేశారు. చివర్లో దానికి పదింతలు పలచనిది వాడితే, ఒక్కో మిల్లీలీటరు ఒక్కో మిల్లీగ్రాము వెండిని చూపిస్తుంది. అంత చిన్న తేడా కూడా దొరికిపోతుంది. 1832లో ఈ పద్ధతిని పుస్తకంగా వేశారు. తర్వాత ఎన్నో దేశాల టంకశాలలు దీన్ని తీసుకున్నాయి.

1850 మే 9న పారిస్‌లో ఆయన కన్నుమూశారు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో ఆయన పేరూ ఉంది.

ప్రాక్టికల్స్‌లో రీడింగ్ తేడా వస్తే పక్కవాళ్లది చూసి రాసుకునే పిల్లలు చాలామంది. వాళ్లకు ఇంట్లో ఒకసారి ఈ కథ చెప్పండి. గురువు అనుకున్నదానికీ, వందల ఏళ్ల కొలిమి చెప్పినదానికీ తలవంచకుండా, తన సీసాలో కనిపించిందే రాశారు కాబట్టే గేలూసాక్ ఒక దేశం వెండి లెక్కను సరిచేయగలిగారు.