ఇసిడార్ ఐజాక్ రాబీ

మానవ శరీరంలో దాగిన వ్యాధిని కోత లేకుండా కంటితో చూడగలగడం వైద్యులు చిరకాలంగా కన్న కల. 1895లో రాంట్‌జన్ ఎక్స్ కిరణాలను కనుగొనడంతో ఆ కల కొంతవరకు నెరవేరింది. అయితే ఎక్స్ కిరణాలు ఎముకలను చూపినంత స్పష్టంగా మెత్తని అవయవాలను చూపలేవు. ఆ కొరతను చాలావరకు తీర్చినది ఎం.ఆర్.ఐ. యంత్రం. నేడు రొమ్ము క్యాన్సరును తొలిదశలోనే పసిగట్టడానికి కూడా అది తోడ్పడుతున్నది. చిత్రమేమిటంటే, ఈ యంత్రానికి పునాదిరాయి వేసినవాడు వైద్యుడు కాడు. పరమాణువు లోతులను తెలుసుకోవాలన్న తపన తప్ప వేరే ప్రయోజనం ఆశించని భౌతిక శాస్త్రవేత్త. ఆయనే ఇసిడార్ ఐజాక్ రాబీ.

రాబీ 1898 జూలై 29న ఆనాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని రిమానుఫ్ అనే ఊరిలో పేద యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండు దేశంలో ఉంది. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే తండ్రి డేవిడ్ బతుకుతెరువు వెదుక్కుంటూ అమెరికా వెళ్ళాడు. తరువాత తల్లీబిడ్డలు కూడా న్యూయార్కు చేరారు. తండ్రి బట్టలు కుట్టే కార్ఖానాలో పనిచేశాడు. కొన్నేళ్ళకు బ్రూక్లిన్‌లో చిన్న చిల్లర కొట్టు పెట్టుకున్నాడు. రెండు గదుల ఇల్లు, చాలీచాలని సంపాదన. అయినా బిడ్డ చదువుకు లోటు రానీయలేదు.

ఇంట్లో వారు మాట్లాడే భాష యిడ్డిష్. బడిలోనూ వీధిలోనూ ఇంగ్లీషు. ఆ బాలుని అసలు పేరు ఇజ్రాయెల్. ఇంట్లో ముద్దుగా 'ఇజ్జీ' అని పిలిచేవారు. బడిలో చేర్చేటప్పుడు తల్లి ఆ ముద్దుపేరే చెప్పింది. అది ఇసిడార్‌కు కురచ రూపమనుకొని అక్కడివారు అలాగే రాసుకున్నారు. ఆ పేరే ఆయనకు స్థిరపడిపోయింది.

చదువుకొని వచ్చిన పిల్లలను ఈ రోజు ఏమి నేర్చుకున్నావని తల్లులు అడగడం సహజం. రాబీ తల్లి అలా అడిగేది కాదు. ఈ రోజు బడిలో మంచి ప్రశ్న ఏదైనా వేశావా అని అడిగేది. తాను శాస్త్రజ్ఞుడు కావడానికి ఆ అలవాటే కారణమని రాబీ పెద్దవాడైన తరువాత చెప్పుకున్నాడు. ఇంటి దగ్గరి గ్రంథాలయం ఆయనకు రెండవ బడి. అక్కడ ఖగోళ శాస్త్ర గ్రంథం చదివి, సూర్యుని చుట్టూ గ్రహాలు తిరిగే తీరు తెలుసుకొని ఆశ్చర్యపోయాడు. పదమూడవ ఏట యూదుల ఆచారం ప్రకారం జరిగిన వేడుకలో బంధుమిత్రుల ముందు ప్రసంగించవలసి వచ్చింది. విద్యుద్దీపం ఎలా వెలుగుతుందో ఆ బాలుడు తన మాతృభాష యిడ్డిష్‌లోనే వివరించాడు.

1919లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి రసాయన శాస్త్రంలో పట్టం పొందాడు. కాని ఉద్యోగం దొరకలేదు. యూదులకు పరిశ్రమలలోనూ విశ్వవిద్యాలయాలలోనూ చోటు దొరకడం ఆ రోజులలో చాలా కష్టం. కొద్దికాలం లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశాడు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో చేరి, క్యాన్సరు మందుల తయారీకి బాటలు వేసిన సంస్థ అదే. తరువాత రాబీ పద్దులు రాసే గుమాస్తాగా కూడా ఉన్నాడు. మూడేళ్ళు ఇలా గడిచాక, తాను కోరుకున్నది భౌతిక శాస్త్రమని గ్రహించి మళ్ళీ విద్యార్థి అయ్యాడు. 1927లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు సాధించాడు. వెంటనే ఐరోపా వెళ్ళి బోర్, పౌలీ, స్టెర్న్ వంటి మహామహుల వద్ద పరిశోధన చేశాడు. 1929లో కొలంబియాలోనే అధ్యాపకుడయ్యాడు.

అక్కడ రాబీ చేపట్టిన సమస్య పరమాణు కేంద్రకానికి సంబంధించినది. చాలా కేంద్రకాలు తిరిగే బొంగరాల వంటివి. ఒక్కొక్కటి ఒక చిన్న అయస్కాంతం. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, వాలిన బొంగరం తల తిప్పినట్లు ఆ కేంద్రకాలు ఒక నిర్ణీత వేగంతో ఊగుతూ తిరుగుతాయి. ఆ వేగాన్ని కొలవడం ఎలా? ఊగుతున్న ఉయ్యాలను సరైన అదనులో తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది. అదను తప్పితే ఎంత తోసినా ఫలితం ఉండదు. దీనినే అనునాదం అంటారు. కేంద్రకాలను తోయడానికి రాబీ రేడియో తరంగాలను వాడాడు.

గాలి తీసివేసిన గొట్టంలో అణువులను సన్నని ధారగా పంపాడు. మొదటి అయస్కాంతం వాటిని ఒక పక్కకు వంచుతుంది. చివరి అయస్కాంతం తిరిగి దారికి తెచ్చి గమ్యం చేరుస్తుంది. ఈ రెంటి నడుమ రేడియో తరంగాలు ప్రసరింపజేశాడు. తరంగాల పౌనఃపున్యం కేంద్రకాల ఊపుతో సరిపోలిన క్షణాన కేంద్రకాల దిశ మారిపోతుంది. అవి గమ్యం తప్పుతాయి. చేరే అణువుల సంఖ్య ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పతనమే కావలసిన సమాధానం. 1938లో రాబీ బృందం ప్రకటించిన ఈ పద్ధతికి 1944 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాబీ రాడార్ పరిశోధనలో పాల్గొన్నాడు. హైడ్రోజన్ బాంబు తయారీని 1949లో వ్యతిరేకించాడు. 1954లో మిత్రుడు ఓపెన్‌హైమర్‌పై ప్రభుత్వం విచారణ జరిపినప్పుడు వెనుదీయక ఆయన పక్షాన సాక్ష్యం చెప్పాడు. ఐరోపా దేశాలు కలిసి నెలకొల్పిన సెర్న్ పరిశోధన కేంద్రానికి 1950లో యునెస్కో సభలో అంకురార్పణ చేసినవాడు కూడా ఆయనే.

ఇంతలో ఆయన నాటిన విత్తనం మొలకెత్తింది. 1946లో బ్లాక్, పర్సెల్ అనే శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ద్రవ, ఘన పదార్థాలలోనూ ఈ అనునాదాన్ని గుర్తించారు. క్యాన్సరు కణజాలం ఇచ్చే సంకేతం ఆరోగ్యకరమైన కణజాలపు సంకేతం కంటే భిన్నంగా ఉంటుందని 1971లో డమాడియన్ ఎలుకల కణితులను పరీక్షించి చూపాడు. ఈ సంకేతాలతో చిత్రం గీయవచ్చని 1973లో లాటర్‌బర్ నిరూపించాడు. మన శరీరంలోని నీటిలోనూ కొవ్వులోనూ హైడ్రోజన్ కేంద్రకాలు కోట్లకు కోట్లు ఉన్నాయి. అవి పంపే సంకేతాలే ఎం.ఆర్.ఐ. చిత్రాలు.

రొమ్ము క్యాన్సరును గుర్తించడానికి సాధారణంగా వాడేది మామోగ్రఫీ అనే ఎక్స్ కిరణాల పరీక్ష. కాని గ్రంథులు దట్టంగా ఉన్నవారిలో ఆ చిత్రం తెల్లగా కనిపిస్తుంది. కణితి కూడా తెల్లగానే ఉండటంతో మంచులో మల్లెపూవులా దాగిపోవచ్చు. 1980ల మధ్యకాలం నుండి వైద్యులు ఇందుకు మరొక మార్గం కనుగొన్నారు. రోగికి గడోలినియం అనే లోహం గల మందును నరంలోకి ఎక్కించి, దానికి ముందు, తరువాత ఎం.ఆర్.ఐ. చిత్రాలు తీస్తారు. పెరుగుతున్న కణితికి కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. వాటి గోడలు బలహీనం. అందువల్ల మందు త్వరగా కణితిలోకి చేరి అది ప్రకాశవంతంగా కనిపిస్తుంది. ఇందులో ఎక్స్ కిరణాలు ఉండవు. అయితే ప్రమాదం లేని గడ్డలు కూడా ఒక్కొక్కప్పుడు ఇలాగే మెరుస్తాయి. కనుక సూదితో ముక్క తీసి పరీక్షించి నిర్ధారించుకోవాలి. ఖర్చు కూడా ఎక్కువే. అందుకే వంశపారంపర్యంగా ఈ వ్యాధి వచ్చే అవకాశం బాగా ఎక్కువ ఉన్న స్త్రీలకు మామోగ్రఫీతోపాటు దీనిని చేయించాలని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2007లో సూచించింది.

జీవిత చరమాంకంలో రాబీకే క్యాన్సరు సోకింది. వైద్యులు ఆయనను ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకోబెట్టారు. నున్నని లోపలి గోడలో ఆ వృద్ధునికి తన ముఖమే వంకరగా ప్రతిబింబించింది. యాభై ఏళ్ళ క్రితం అణువుల ధారతో తాను చేసిన ప్రయోగం ఇంత దూరం వస్తుందని ఆయన ఊహించలేదు. ఆ మాట చెప్పి చలించిపోయాడు. వ్యాధి ముదిరిపోయి 1988 జనవరి 11న న్యూయార్కులో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 89 సంవత్సరాలు.

ఆ యంత్రం దానికి పునాది వేసినవానిని బతికించలేకపోయింది. కాని ఆయన ముఖం ఎన్నడూ చూడని ఎందరికో అది వ్యాధి ముదరకముందే చికిత్స పొందే అవకాశం కల్పిస్తున్నది. చెట్టు నాటినవాడు పండు తినకపోవచ్చు. తరువాతి తరాలవారు తింటారు. బడి నుండి వచ్చిన బిడ్డను ఒక పేదతల్లి రోజూ అడిగిన చిన్న మాట ఎంత దూరం ప్రయాణించిందో రాబీ జీవితం మనకు తెలియజేస్తున్నది.