అందరి నోటా పలికిన కీర్తన

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లుంటాయి. పాట అడుగున రచయిత పేరుంటుంది. ఆ పేర్లలో పదేపదే కనిపించేది పురుషోత్తమ చౌదరిగారి పేరు. కొల్లేటికోట చుట్టుపక్కల లంక గ్రామాల్లో పుస్తకం చూడకుండానే ఆయన పాటలు పాడే పెద్దమ్మలున్నారు. కానీ ఆ పాటల కోసం ఆయన చెల్లించిన వెల ఎంతో మనలో చాలామందికి తెలియదు.

ఆయన 1803లో, వంగదేశం నుంచి వచ్చి ఉత్తరాంధ్ర, ఒడిశా సరిహద్దు ప్రాంతంలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. సంస్కృతాంధ్రాలు బాగా చదువుకున్నారు. పాపం నుంచి విడుదల ఎలా అన్న ప్రశ్న యౌవనంలోనే ఆయన్ను వేధించింది. చేతికందిన ఒక క్రైస్తవ కరపత్రం ఆయన వెదకులాటను మలుపు తిప్పింది. చివరికి 1833లో కటక్ వెళ్లి బాప్తిస్మం పొందారు. బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే ఆంధ్రదేశంలో అడుగుపెట్టింది 1836లో. మన కృష్ణా మండలంలో మచిలీపట్నం మిషన్ మొదలైంది 1841లో. వీటికి ముందే ఒక తెలుగు కవి ప్రభువును వెంబడించాడన్నమాట!

ఆ రోజుల్లో బాప్తిస్మమంటే కులం పోవడమే. ఇల్లు, బంధువులు, పరువు అన్నీ దూరమయ్యాయి. కట్టుకున్న భార్య కూడా మొదట ఆయన వెంట రాలేదు. కొంతకాలానికి ఆమె కూడా ప్రభువును నమ్మి భర్తను చేరుకున్నారు. ఈ ఒంటరితనం తెలిసి పాడితే ఆయన కీర్తనల్లోని ఆర్తి మనకు మరింత బాగా అర్థమవుతుంది.

ఆయన అన్నీ పోగొట్టుకున్నా ఒక్కటి మాత్రం వదులుకోలేదు. అది తన భాష, తన సంగీతం. అమెరికాలో నల్లజాతివారి సంఘాల్లో పుట్టిన సువార్త గానం గుడి గడప దాటి బయటి లోకానికి వెళ్లి ‘సోల్’ సంగీతానికి ప్రాణం పోసింది. పాస్టరు కూతురు అరీతా ఫ్రాంక్లిన్ ఆ దారిలోనే లోక ప్రసిద్ధురాలైంది. మన దగ్గర జరిగింది దీనికి ఎదురు. బయట ఉన్న రాగాలను చౌదరిగారు సంఘంలోకి తెచ్చారు. ‘త్రాహిమాం క్రీస్తునాథ’లో త్రాహిమాం అన్న మాట మన స్తోత్రాల్లో తరతరాలుగా ఉన్న మొరే. ఆయన ఆ మొరను క్రీస్తు పాదాల దగ్గర పెట్టారు. అందుకే ఆ పాట తెలుగువాడికి పరాయి పాటలా అనిపించదు.

శ్రీకాకుళం, బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లో ఆయన సేవ చేశారు. కీర్తనలు నూటికి పైగా రాశారు. ‘కులాచార పరీక్ష’ పేరుతో కులాన్ని నిలదీస్తూ రచన చేశారు. 1890లో, 87వ ఏట ప్రభువు సన్నిధికి చేరారు.

ఆయన పోయాక ఆ పాటలు ఊళ్లూ పేటలూ దాటి వచ్చాయి. పండితులకే పరిమితమైన రాగాలు, అక్షరం రాని మాల మాదిగ పల్లెల్లోని విశ్వాసుల గొంతుల్లో పలికాయి. ఒక బ్రాహ్మణుడు కులం విడిచి కట్టిన పాట, కులం పేరిట వెలివేయబడినవారి ఆరాధన అయింది. దేవుడు చేసిన ఈ కార్యం ఏ అద్భుతానికి తీసిపోతుంది?

ప్రియులారా, ఇక్కడే మనల్ని మనం పరీక్షించుకోవాలి. ఒకే ఊళ్లో ఈ పేటకో మందిరం, ఆ పేటకో మందిరం. రెండు చోట్లా పాడేది చౌదరిగారి పాటే. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం కులాన్నే అడుగుతున్నాం. బుడమేరు, తమ్మిలేరు వేర్వేరు దారుల్లో వచ్చినా కొల్లేట్లో కలిశాక ఇది ఏ ఏటి నీరో ఎవరూ చెప్పలేరు. క్రీస్తు సంఘం అలా ఉండాలి. చౌదరిగారు విడిచిపెట్టినదాన్ని మనం దాచుకుని, ఆయన పాటను మాత్రం పాడితే అది ఆరాధన ఎలా అవుతుంది? వచ్చే ఆదివారం ఆయన కీర్తన అందుకునే ముందు ఈ మాట ఆలోచిద్దాం. ఆమేన్.