యంత్రం లేని ప్రోగ్రాము: ఆడా లవ్‌లేస్

‘ఫర్ లూప్’ అనగానే బెదిరిపోయే మన మొదటి సంవత్సరం మిత్రులకు ఒక మహిళ కథ చెప్పాలనిపించింది నాకు.

ఆడా 1815 డిసెంబరు 10న లండన్‌లో జన్మించింది. తండ్రి ప్రఖ్యాత కవి బైరన్. ఆమె నెల పసికందుగా ఉండగానే తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి పోలిక రాకూడదని తల్లి పట్టుబట్టి లెక్కలు చెప్పించింది. 1833లో పరిచయమైన చార్లెస్ బాబేజ్ ఆ తర్వాత అనలిటికల్ ఇంజన్ అనే యంత్రానికి పథకం వేశాడు. దాని మీద మెనబ్రియా ఫ్రెంచిలో రాసిన వ్యాసాన్ని ఆడా ఇంగ్లీషు చేసి, మూలానికి దాదాపు మూడింతల వివరణలు జోడించి 1843లో ప్రకటించింది.

అందులోనే బెర్నౌలీ సంఖ్యల లెక్క ఉంది. 25 మెట్లలో 13 నుంచి 23 దాకా ఉన్నవాటిని మళ్ళీ మళ్ళీ చెయ్యాలంది. ఆజ్ఞలు అవే. మిగిలిన చుట్లు చెప్పే అంకె మాత్రం చుట్టుకొకటి తగ్గుతుంది.

అరక దున్నే మా నాన్నకి ఇదేం కొత్త కాదు. ఒక చాలు, మలుపు, ఇంకో చాలు, గట్టు వచ్చేదాకా. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపాలి, ఎంత ఎడం జరగాలి, ఈ మూడూ తెలిస్తే ఫర్ లూప్ వచ్చినట్టే. ఆపడం మరిస్తే అరక పక్కవాడి చేలో పడుతుంది!

బాబేజ్ యంత్రం పూర్తి కానేలేదు. ముగ్గురు బిడ్డల తల్లి, తరచూ జబ్బుపడే మనిషి, నడిపి చూసుకునే వీల్లేకుండా కాగితం మీదే అంత లెక్కా కట్టింది. 1852 నవంబరు 27న, 36 ఏళ్ళకే కాన్సరుతో కన్నుమూసింది. 1979లో ఒక ప్రోగ్రామింగ్ భాషకి ఆమె పేరు పెట్టారు.

మనకి యంత్రం ఎదురుగానే ఉంది. అయినా ముందు కాగితం మీద మూడు చుట్లు చేత్తో వేసి చూడండి, నేస్తాల్లారా!