పైడి జైరాజ్

పైడి జైరాజ్ (సెప్టెంబరు 28, 1909 - ఆగష్టు 11, 2000) హిందీ చలనచిత్ర రంగంలో మూకీల కాలం నుండి నటించిన తెలుగు నటుడు, దర్శకుడు, నిర్మాత. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందాడు.

బాల్యం, విద్య

జైరాజ్ నాటి హైదరాబాదు సంస్థానంలోని కరీంనగర్‌లో జన్మించాడు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివాడు. తెలుగునాట చిత్రపరిశ్రమ ఇంకా నిలదొక్కుకోని రోజులవి. సినిమాలలో నటించాలనే కోరికతో 1929లో, ఇరవయ్యేళ్ళు నిండీ నిండని వయసులో, బొంబాయి చేరుకున్నాడు.

మూకీల నుండి టాకీలకు

అదే సంవత్సరం జగ్‌మగాతీ జవానీ అనే మూకీ చిత్రంలో చిన్న పాత్రతో తెరపై కనిపించాడు. రసీలీ రాణీలో కథానాయకుడయ్యాడు. ఇందులో మాధురి కథానాయిక. మూకీలలో నటునికి భాషతో పనిలేదు. చక్కని రూపం, దేహదారుఢ్యం, గుర్రపుస్వారీ, కత్తిసాము వంటి విద్యలు ఉంటే చాలు. జైరాజ్‌కు అవకాశాలు వరుసగా వచ్చాయి.

1931లో ఆలం ఆరా విడుదల కావడంతో పరిస్థితి తారుమారైంది. హిందీ, ఉర్దూ సరిగా పలకలేని మూకీ తారలు అనేకులు తెరమరుగయ్యారు. తెలుగు మాతృభాషగా గల జైరాజ్‌కు ఇది నిజంగా గడ్డుకాలమే కావలసింది. అయితే హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ రాజభాష. అక్కడ చదువుకున్నవారికి అది పరాయి భాష కాదు. 1932లో షికారీ చిత్రంతో అతడు టాకీలలో ప్రవేశించి, కథానాయకునిగానే కొనసాగాడు. 1938లో బాంబే టాకీస్ సంస్థ నిర్మించిన భాభీకి జర్మను దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకత్వం వహించగా, అందులో జైరాజ్ నాయకుడు. 1943లో హమారీ బాత్‌లో దేవికారాణి సరసన నటించాడు. ఆమె నటించిన చివరి చిత్రం అదే.

తరువాతి జీవితం

1945లో దిలీప్ కుమార్ నటించిన ప్రతిమ చిత్రానికి దర్శకత్వం వహించాడు. పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, చంద్రశేఖర్ ఆజాద్ వంటి చారిత్రక పాత్రలు అతనికి పేరు తెచ్చాయి. వయసు మళ్ళిన తరువాత చిన్న పాత్రలు వేయడానికీ వెనుకాడలేదు. షోలే (1975)లో పోలీసు అధికారిగా కనిపించేది ఇతడే.

తెలుగువారిలో బి.ఎన్.రెడ్డి తరువాత ఫాల్కే పురస్కారం అందుకున్నది జైరాజే. అయినా, జీవితమంతా హిందీ చిత్రాలలోనే గడిపినందువల్ల కాబోలు, స్వస్థలంలో అతని పేరు చాలాకాలం అంతగా వినిపించలేదు. ముంబైలో మరణించాడు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత హైదరాబాదు రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటరుకు పైడి జైరాజ్ పేరు పెట్టారు.